లిఫ్టు రిపేరులో ఉంది

ఆ స్టేడియంలో లిఫ్టు ఏడాది పొడవునా శుభ్రంగా పనిచేసేది. పాడయ్యేది మ్యాచ్ రోజుల్లోనే. అదీ, బయటి జట్టు వచ్చి ఆడే రోజుల్లోనే. యంత్రాలకు కూడా సొంత ఊరి మీద ఇంత మమకారం ఉంటుందా అని కొత్తగా చేరినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. పాతవాళ్ళు మాత్రం ఎలక్ట్రీషియన్ చొక్కా జేబు వైపు చూసి ముసిముసిగా నవ్వుకునేవారు. ఆ రోజుల్లో లిఫ్టు ఫ్యూజు ఉండేది ఆ జేబులోనే.

ఆయన్ని అందరూ రిపేరు బాబాయి అనేవారు. స్టేడియం కట్టిన నాటి నుంచీ అక్కడే ఉన్నాడు. దీపాలు, మోటార్లు, స్కోరు బోర్డు, లిఫ్టు, అన్నీ ఆయన చేతి కిందివే. భార్య అదే స్టేడియంలో జట్టు బట్టలు ఉతికే పని చేసేది. ఇద్దరూ పొద్దున్నే ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళి, సాయంత్రం అదే గేటులోంచి వాదించుకుంటూ బయటికొచ్చేవారు.

ఊరు పన్నెండు వేల అడుగుల ఎత్తున ఉంది. అక్కడ పుట్టినవాళ్ళకు అదేమీ తెలియదు. కింది నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగితే చాలు, ఆయాసం వచ్చేది. బంతి వాళ్ళు అనుకున్న చోట పడేది కాదు, గాలి పల్చన కాబట్టి రెండు బారలు అవతల పడేది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో అరవయ్యో నిమిషం దాటిందంటే స్టాండ్లలో జనం ఈలలు మొదలుపెట్టేవారు. బయటి జట్టు కాళ్ళు బరువెక్కేది ఆ వేళకే. ఎవడు ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడతాడో అని పందేలు కూడా వేసుకునేవారు. ఊరు ఎంత మంచిదైనా ఆ ఒక్క విషయంలో దానికి జాలి లేదు.

సొంత జట్టు గది మైదానం పక్కనే, కింది అంతస్తులో ఉంది. బయటి జట్టు గది మూడో అంతస్తులో. డెబ్బై రెండు మెట్లు. పదకొండేళ్ళ కిందట ఒక మ్యాచ్ రోజున లిఫ్టు నిజంగానే పాడైంది. పెద్ద పేరున్న జట్టు ఆ మెట్లన్నీ ఎక్కి దిగి, రెండో సగంలో చతికిలబడి, అయిదు గోల్స్ తేడాతో ఓడి వెళ్ళింది. తరవాతి మ్యాచ్ ముందు మేనేజరు దారిలో కనిపించి, "బాబాయ్, లిఫ్టు ఎలా ఉంది?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా ఉంది సార్."

"అయ్యో," అన్నాడు మేనేజరు. అన్నది ఆ ఒక్క మాటే.

బాబాయి అంత అమాయకుడు కాదు. మర్నాడు పొద్దున ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, 'లిఫ్టు రిపేరులో ఉంది' అని అట్టముక్క మీద రాసి తగిలించాడు. కొన్నాళ్ళకు అట్ట స్థానంలో రేకు వచ్చింది, రేకు మీద అందమైన అక్షరాలు వచ్చాయి. ఎవరూ ఆయనకు హుకుం ఇవ్వలేదు, ఎవరూ వద్దనలేదు. "మ్యాచ్ సగం కుర్రాళ్ళు గెలిపిస్తే మిగతా సగం నేను గెలిపిస్తున్నానోయ్," అని టీ కొట్టు దగ్గర మీసం మీద చెయ్యి వేసేవాడు. భార్య ఒక్కతే విసుక్కునేది. "వాళ్ళ సంగతి సరే, తడి బట్టల మూటలు పట్టుకుని నేనెక్కొద్దూ ఆ మెట్లు?" అనేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు.

ఆ ఏడు ఆఖరి మ్యాచ్‌కు వచ్చిన జట్టుతో ఒక డాక్టరమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మ్యాచ్ ముందు రోజు ఒంటరిగా వచ్చి గదులన్నీ చూసింది, అంబులెన్సు ఎక్కడ ఆగుతుందో కనుక్కుంది, లిఫ్టెక్కి మూడో అంతస్తుకు వెళ్ళి వచ్చింది. బాబాయి అప్పుడు లిఫ్టు పక్కనే స్టూలెక్కి బల్బు మారుస్తున్నాడు.

"ఈ లిఫ్టు రేపు కూడా నడుస్తుంది కదండీ?"

"నడవకేం తల్లీ," అన్నాడు బాబాయి. నోటికి అలవాటైన మాట అది. ఎప్పుడూ అలాగే అనేవాడు.

ఆమె అక్కడితో వెళ్ళిపోయి ఉంటే ఎంత బాగుండేదో అని ఆ తరవాత చాలాసార్లు అనుకున్నాడు. కానీ ఆమె వెళ్ళలేదు.

"మా జట్టులో ఒకబ్బాయికి నిన్న రాత్రి నుంచి పొడి దగ్గు," అంది. "వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తే మిగతా అందరికీ ఎనభై ఎనిమిది, తొంభై చూపిస్తోంది. ఇతనికి ఎనభై మూడే. అసలు మేం మూడు రోజుల ముందు రావడమే తప్పండీ. వస్తే రెండు మూడు వారాల ముందు రావాలి. లేదంటే ఆటకు రెండు గంటల ముందు దిగాలి. మధ్యలో వచ్చామా, కొండకు సరిగ్గా దొరికిపోయినట్టే. నా మాట ఎవరు విన్నారు?"

"మరి ఆడించడం ఎందుకమ్మా?"

"వద్దనే అన్నాను. కోచ్ కాళ్ళావేళ్ళా పడ్డాడు, మొదటి సగం ఒక్కటే అని. మెట్లు ఒక్కటి కూడా ఎక్కించనంటేనే ఒప్పుకున్నాను. అందుకే లిఫ్టు చూసుకోవడానికి వచ్చా."

బాబాయి తల ఊపాడు. ఆ మాటలు ఆయనకు వినపడలేదని ఎవరూ అనడానికి లేదు. చక్కగా వినపడ్డాయి. ఆ రాత్రి అన్నం తింటున్నప్పుడు గుర్తుకూడా వచ్చాయి. రేపొక్క రోజుకు లిఫ్టు వదిలేద్దాంలే అని కూడా అనుకున్నాడు.

తెల్లారి మేనేజరు ఎదురొచ్చాడు. ఆ మ్యాచ్ గెలిస్తేనే సొంత జట్టు పై లీగులో నిలబడుతుంది, ఓడితే కిందికి పడిపోతుంది. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బాబాయ్, లిఫ్టు ఎలా ఉంది?" అన్నాడు.

"బాగోలేదు సార్," అన్నాడు బాబాయి.

అని వెళ్ళి ఫ్యూజు పీకాడు. అరచేతిలో సరిగ్గా పట్టే తెల్ల పింగాణీ ముక్క అది. బట్టల మూటతో వచ్చిన భార్య రేకు బోర్డు చూసి, "ఇవాళ కూడానా?" అని మూట భుజం మార్చుకుని మెట్లెక్కింది.

మధ్యాహ్నం జట్టు బస్సు దిగింది. డాక్టరమ్మ బోర్డు ముందు అలాగే నిలబడిపోయింది.

"నిన్న నడిచిందిగా!"

"రాత్రి మోటారు కాలిపోయిందమ్మా. ఏం చేస్తాం, పాతది."

"పోనీ కింద ఇంకో గది ఉందా?"

లేదని మేనేజరు చెప్పాడు. ఒకటి సొంత జట్టుది, రెండోది రిఫరీలది. ఆమె మెట్ల వైపు చూసింది, వెనక్కి తిరిగి ఆ అబ్బాయి వైపు చూసింది. మనిషి ఆరడుగుల పైనే ఉంటాడు. జట్టులో అందరూ 'పొడుగు' అని పిలుస్తున్నారు. "డెబ్బై మెట్లకే చచ్చిపోతానా డాక్టర్, నెమ్మదిగా ఎక్కుతాలెండి," అని నవ్వాడతను. కోచ్ గడియారం చూసుకున్నాడు. ఆమె పెదవి కొరుక్కుని, సరే నెమ్మదిగా, ప్రతి మలుపులోనూ ఆగుతూ, అంది.

పొడుగు మొదటి మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని ఆగి, కింద నిలబడ్డ బాబాయి వైపు వంగి చూశాడు. "బాబాయ్, మీ ఊళ్ళో గాలి ఎక్కడైనా అమ్ముతారా? ఓ కిలో ఇప్పించండి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. బాబాయి కూడా నవ్వాడు. కుర్రాడు నచ్చాడు ఆయనకు. నచ్చినందుకు ఒక్క క్షణం జేబు మీదికి చెయ్యి పోయింది కూడా. మేనేజరు అక్కడే ఉన్నాడు. చెయ్యి కిందికి దించేసుకున్నాడు.

వార్మప్‌కు దిగి మళ్ళీ ఎక్కారు. మ్యాచ్‌కు దిగారు. పొడుగు మొదటి సగమంతా ఆడాడు. ఆడాడని పేరే గానీ, చివరి పది నిమిషాలూ బంతి వచ్చిన చోటికి నడిచి వెళ్ళాడు. హాఫ్ టైమ్ ఈల వేశాక జట్టుతో పాటు మూడోసారి మెట్లెక్కాడు. రెండో అంతస్తు మలుపులో కూలబడ్డాడు.

బాబాయి అప్పుడు అదే అంతస్తులో స్కోరు బోర్డు స్విచ్చుల దగ్గర ఉన్నాడు. కేకలు విని పరుగెత్తాడు. పొడుగు గోడకు ఆనుకుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. దగ్గినప్పుడల్లా నోటి నుంచి గులాబీ రంగు నురగ వస్తోంది. ఛాతీలో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. డాక్టరమ్మ చిన్న సిలిండరు మాస్కు ముఖానికి పెట్టి, "కిందికి దింపాలి, ఇప్పుడే దింపాలి," అని అరుస్తోంది. స్ట్రెచరు తెచ్చారు. ఆ ఇరుకు మలుపుల్లో అది తిరగలేదు. లిఫ్టు తలుపు అక్కడికి నాలుగడుగుల దూరంలో ఉంది.

"ఏమండీ, ఈ లిఫ్టు ఒక్కసారికి కదిలించలేరా? ఒక్కసారి, కిందికి మాత్రం!"

ఫ్యూజు జేబులో ఉంది. ఫ్యూజు బోర్డు ఆయన వెనక గోడకే ఉంది. మెట్ల మీద మేనేజరు ఉన్నాడు, ఇద్దరు కమిటీ పెద్దలున్నారు, బయటి జట్టు మొత్తం ఉంది. ఇప్పుడు ఫ్యూజు తీసి పెడితే పదకొండేళ్ళ బండారం అందరి ముందూ బయటపడుతుంది. బాబాయి ఇదంతా ఆలోచించలేదు. అంత ఆలోచించే వ్యవధి ఎక్కడిది? నోరే ముందు కదిలింది.

"రాదమ్మా. మోటారు కాలిపోయింది."

అనేసి, గబుక్కున వంగి ఆ కుర్రాణ్ణి వీపు మీద వేసుకున్నాడు. యాభై ఏడేళ్ళ మనిషి. కుర్రాడి గడ్డం భుజం మీద ఆనింది, నురగ మెడ మీదికి జారింది. డాక్టరమ్మ పక్కన నడుస్తూ మాస్కు పట్టుకుంది, ప్రతి మలుపులోనూ ఆపించి నాడి చూసింది. నలభై ఎనిమిది మెట్లు. దిగినంతసేపూ, కుర్రాడి చేతులు ఆయన ఛాతీని నొక్కినప్పుడల్లా, జేబులోని పింగాణీ ముక్క పక్కటెముకల్లో గుచ్చుకుంటూనే ఉంది.

మ్యాచ్ సొంత జట్టే గెలిచింది. మూడు సున్నా.

అంబులెన్సు పొడుగును రెండు గంటల దూరంలో ఉన్న కింది ఊరి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఎత్తు దిగడమే ఆ జబ్బుకు మందు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. బాబాయి నడుం వంచి మెట్లు దిగుతున్నాడు, వీపు మీద ఆ కుర్రాడు, పక్కన మాస్కు పట్టుకున్న చెయ్యి. 'ఎదుటి జట్టు ప్రాణం మోసిన వృద్ధుడు' అని పెద్దక్షరాలు. టీ కొట్టువాడు పేపరు గోడకు అంటించాడు. దారిన పోయేవాళ్ళు ఆగి భుజం తట్టారు. మేనేజరు కౌగిలించుకుని, "బాబాయ్, స్టేడియం పరువు నిలబెట్టావ్," అన్నాడు. బాబాయి ఆ కౌగిట్లోంచి మెల్లిగా బయటపడ్డాడు.

ఇంట్లో భార్య ఆ పేపరు ముక్క వంక చూడలేదు. రెండో రోజు సాయంత్రం కంచం ముందు పెడుతూ అంది, "మోసినందుకు ఫోటో వేశారు. ఎందుకు మోయాల్సి వచ్చిందో వేయలేదే?"

"నన్ను తినకు."

"నేనేం తింటానయ్యా. నిన్ను తినేది నీ లోపలే ఉందిగా."

నిజమే. అన్నం సహించేది కాదు. కళ్ళు మూస్తే నీళ్ళు మరిగే చప్పుడు. ఖాళీగా ఉన్నప్పుడల్లా లిఫ్టెక్కి రెండో అంతస్తు నుంచి కిందికి దిగేవాడు, గడియారం చూసుకుంటూ. ప్రతిసారీ పన్నెండు సెకన్లు. పదమూడు అయితే బాగుండునని ఎందుకు అనుకునేవాడో ఆయనకే తెలియదు. మ్యాచ్ ముందే నిజం చెప్పి ఉంటే తప్పంతా తప్పేది. మలుపు దగ్గర చెప్పి ఉంటే సగం తప్పైనా తప్పేది. రెండు చోట్లా నోరు ఒకటే మాట పలికింది. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

తొమ్మిదో రోజున డాక్టరమ్మ మళ్ళీ పైకి వచ్చింది. మనిషి చిక్కిపోయింది. మేనేజరు తన గదిలో నాలుగు కుర్చీలు వేయించి, బాబాయిని పిలిపించాడు. ఆమె సంచిలోంచి మడత పెట్టిన జెర్సీ తీసి రెండు చేతులతో ఇచ్చింది.

"అతను పంపాడండీ. మ్యాచ్‌లో వేసుకున్నదే, ఉతికించి పంపాడు. 'బాబాయి వీపు వెచ్చగా ఉంది, నాకు గుర్తున్నది అదొక్కటే' అని చెప్పమన్నాడు."

బాబాయి జెర్సీ అందుకున్నాడు. తల కొట్టేసినట్టయింది. "ఎలా ఉన్నాడమ్మా?" అన్నాడు.

"ప్రాణానికి ఫర్వాలేదు. మళ్ళీ ఇదివరకులా ఆడతాడా అంటే ఇప్పుడే చెప్పలేమంటున్నారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి." ఆమె చేతి గడియారం పట్టీ తిప్పుకుంటూ కూర్చుంది. "రేపు విచారణ ఉంది. ఆడటానికి ఎందుకు ఒప్పుకున్నావ్, మెట్లెందుకు ఎక్కించావ్, దింపడానికి అంతసేపు ఎందుకు పట్టింది అని అడుగుతారు. తప్పు నాదేనని రాసిచ్చేస్తున్నా. లిఫ్టు లేదని తెలిశాక అతన్ని బస్సులోనే కూర్చోబెట్టి ఉండాల్సింది. నిలబడి పది క్షణాలు ఆలోచించాను కూడా. ఆలోచించి ఎక్కనిచ్చాను. ఇక ఈ ఉద్యోగం చేయను, చేయనివ్వరు కూడా."

"పాపం, మీరు మాత్రం ఏం చేస్తారు మేడమ్, అంతా మన చేతుల్లో ఉంటుందా?" అన్నాడు మేనేజరు, ఎంతో బాధపడుతున్నవాడిలా.

ఆ మాటతో బాబాయికి ఒళ్ళు మండింది. మేనేజరు మీద సగం, తన మీద సగం. ఫోటో తనకు, జెర్సీ తనకు, శిక్ష ఈ పిల్లకా? లేచి నిలబడ్డాడు.

"అమ్మా, మీరొకసారి నాతో రావాలి. రెండో అంతస్తుకు. మెట్లెక్కక్కర్లేదు."

మేనేజరుకు అర్థమైపోయింది. "బాబాయ్, కూర్చో. బాబాయ్!" అంటూ వెంట వచ్చాడు. బాబాయి వెనక్కి చూడలేదు. డాక్టరమ్మను లిఫ్టులో రెండో అంతస్తుకు తీసుకెళ్ళి, బయటికి రప్పించి, గోడ మీది ఫ్యూజు బోర్డు తలుపు తెరిచాడు. తెల్ల పింగాణీ ముక్క పీకాడు. లిఫ్టులో దీపం ఆరిపోయింది. మళ్ళీ పెట్టాడు. దీపం వెలిగింది.

"మోటారు కాలలేదమ్మా. ఎప్పుడూ కాలలేదు. బయటివాళ్ళు ఆయాసపడాలని మ్యాచ్ రోజుల్లో దీన్ని పీకి ఇందులో వేసుకునేవాణ్ణి." జేబు చూపించాడు. "మీరు ముందు రోజు అడిగినప్పుడు అబద్ధం చెప్పాను. మ్యాచ్ రోజు చెప్పాను. ఇక్కడ, అతను ఇక్కడ పడి ఉన్నప్పుడు మీరు అరిచారు చూడండి, అప్పుడూ చెప్పాను. అప్పుడు కూడా ఇది నా జేబులోనే ఉంది."

ఆమె దగ్గరికి వచ్చింది. ఫ్యూజు బోర్డు చూసింది. లిఫ్టు తలుపు నుంచి మలుపు దాకా ఉన్న నాలుగడుగుల నేల చూసింది. మేనేజరు మెట్ల మీద ఆయాసపడుతూ ప్రత్యక్షమయ్యాడు. ఆ ఊళ్ళో పుట్టినవాడికి ఆయాసం రావడం ఎవరైనా చూడటం అదే మొదలు.

డాక్టరమ్మ లిఫ్టులోకి వెళ్ళి, గడియారం చూసుకుంటూ బటన్ నొక్కింది. కిందికి వెళ్ళింది. మళ్ళీ పైకి వచ్చింది.

"పన్నెండు సెకన్లు," అంది.

"అవునమ్మా."

"మీ వీపు మీద నాలుగు నిమిషాలు పట్టింది. నేను చూసుకున్నాను." సంచిలోంచి కాగితాలు తీసి, గోడకు ఆనించి ఏదో కొట్టేసి, ఏదో రాసింది. "నా తప్పు నాదే. అది నేను తీసెయ్యను. మీది కూడా రాస్తున్నా. రేపు వచ్చి ఇదే మాట చెబుతారా?"

"చెబుతానమ్మా. ఉద్యోగం పోతే పోనీ."

"మీ ఉద్యోగం గురించి నేను అడగలేదు," అంది. ఆ మాట చెంప మీద కొట్టినట్టే తగిలింది. తగలాల్సిందే అనుకున్నాడు.

జెర్సీ ఆమె చేతిలో పెట్టబోయాడు. "ఇది నాకు తగదమ్మా. అతనికి ఇచ్చేయండి."

ఆమె చెయ్యి చాపలేదు. "అది అతను మీకిచ్చాడు. వెనక్కిచ్చేది ఉంటే మీరే వెళ్ళి ఇవ్వండి. మూడో అంతస్తులో ఉంటాడు. అక్కడ లిఫ్టు పనిచేస్తుంది."

విచారణలో మర్నాడు బాబాయి ఉన్నదున్నట్టు చెప్పాడు. అది ముగిసిన సాయంత్రమే కింది ఊరికి బస్సెక్కాడు. భార్య వెంట వస్తానంది. వద్దన్నాడు. జెర్సీ ఇస్త్రీ చేసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. పేపర్లో వచ్చిన ఫోటోను టీ కొట్టు గోడ మీంచి ఆమే చించేసిందని దారిలో ఎవరో చెప్పారు.

ఆసుపత్రిలో లిఫ్టు తలుపు తెరుచుకునే ఉంది. లోపల ఉన్న నర్సు, "రండి పెద్దాయనా, చోటుంది," అంది. ఆయన మెట్ల వైపు వెళ్ళాడు. కింది ఊళ్ళో గాలి చిక్కగా ఉంటుంది, కొండ మీదివాళ్ళు అక్కడికొస్తే రెండేసి మెట్లు దాటుకుంటూ ఎక్కుతారు. అలాంటిది రెండో మలుపు దగ్గర ఆయనకు ఊపిరి అందలేదు. రెయిలింగు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

గది తలుపు తోయగానే పొడుగు చూశాడు. ముక్కుకు గొట్టం ఉంది, బుగ్గలు లోపలికి పోయాయి, నవ్వు మాత్రం అదే. "బాబాయ్! వచ్చారా! కూర్చోండి, కూర్చోండి. ఇక్కడ గాలికి కొదవ లేదు, ఎంత కావాలంటే అంత పీల్చుకోండి," అంటూ లేవబోయాడు.

డాక్టరమ్మ అతనికి ఇంకా ఏమీ చెప్పలేదని ఆ నవ్వు చూస్తే తెలిసిపోయింది. ఆమె కావాలనే చెప్పలేదు.

బాబాయి కూర్చోలేదు. జెర్సీ పొట్లం మంచం చివర పెట్టాడు.

"లిఫ్టు బాగానే ఉందబ్బాయ్," అన్నాడు. "ఆ రోజు కూడా బాగానే ఉంది."